గుండెకును మెదడునకును నడుమ అడుగు దూరము

నిండు నీళ్ల చెంబునకు త్రాడు గట్టి గిరగిర త్రిప్పినచో, చెంబు తలక్రిందులయినప్పుడు సైతము నీరు చిందదు. ఈ వినోదమును చిన్ననాడు చేసి చూడనివారు మనలో అరుదు. చేసి, పట్టు తప్పి, పెరటి గోడకు తగిలి చెంబు సొట్టపడగా పెద్దలచేత చీవాట్లు తిన్నవారును లేకపోలేదు. నీరేల చిందదు? చెంబు తిన్నగా పోవలెనని చూచును. త్రాడు దానిని లోపలికి లాగుచుండును. ఆ పెనుగులాటలో నీరు చెంబు అడుగునకు అదుముకొనిపోవును. అప్పుడు చేతికి తెలియు లాగుడు చెంబు నిజమైన బరువుకంటె ఎన్నో రెట్లుండును. జొన్నచేలలో మంచెమీద నిలిచి వడిసెల త్రిప్పినవారికి ఈ సంగతి మా మాటలకంటె బాగుగా తెలియును.

ఇప్పుడు ఆ చెంబులో నీటికి మారుగా ఒక మనుష్యుడు కూర్చుండెననుకొందము. ఆకాశమున మిక్కిలి వేగముతో పోవు యుద్ధ విమానము చటుక్కున మలుపు తిరిగినప్పుడు అందలి పైలట్ స్థితి సరిగా నిదియే. త్రాటికి బదులు రెక్కలకు తగులు గాలి విమానమును వలయపు నడిమివైపునకు నెట్టుచుండును. పైలట్, చెంబు అడుగున నీటివలె, తన ఆసనమునకు అదుముకొనిపోవును. ఈ అదుమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడు కొలతకు 'జీ' అని పేరు. మనము ఇంట కూర్చుండి రేడియో వినుచున్నప్పుడు మనమీద నున్నది ఒక జీ. అనగా భూమి ఆకర్షణచే కలిగిన మన మామూలు బరువు. రెండు జీలయినచో బరువు రెట్టింపు. ప్రయాణికుల విమానము మలుపు తిరుగునప్పుడు ఈ ఒక జీకి స్వల్పభాగము మాత్రమే చేరును. చేతిలోని కాఫీ తొణకదు. యుద్ధ విమానమో, గంటకు 900 కిలోమీటర్ల వేగమున సుమారు 700 మీటర్ల వ్యాసార్ధముగల వలయములో తిరిగినచో తొమ్మిది జీలు కలుగును. 70 కిలోల పైలట్ అప్పుడు 630 కిలోలు తూగును. నిండుగా ఎదిగిన ఒంగోలు ఆబోతునకు తీసిపోడు. శిరస్త్రాణముతో కూడ ఆరేడు కిలోలుండు అతని తల 60 కిలోల బస్తా యగును. ఒడిలోని చేయి పైకెత్తవలెనన్నను ఆ చేయి అతని మాట వినదు.

ఇంత బరువునకు ఎముకలు నుగ్గుకావా అని తోచుట సహజము. మేమును ఈ విషయమును చదువ నారంభించినప్పుడు అట్లే తలచితిమి. కాని ఎముకలు మనము తలచినంత బలహీనములు కావు. అమెరికా వైమానిక దళమున వైద్యుడైన జాన్ పాల్ స్టాప్ 1954వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన, న్యూమెక్సికో రాష్ట్రములోని హోలోమన్ స్థావరమున, రాకెట్లచే నడుపబడు బండిపై తన్ను తాను కట్టించుకొని గంటకు 1,017 కిలోమీటర్ల వేగమునందెను. పిమ్మట ఆ బండి 1.4 సెకండ్లలో నిలిచిపోయినది. ఆ క్షణమున ఆయన దేహముపై బడిన గరిష్ఠ బలము 46 జీలకు పైమాట. కన్నులలో రక్తము చిమ్మి కొంతకాలము చూపు పోయినది. తరువాత చూపు తిరిగి వచ్చినది. అంతకు ముందటి పరీక్షలలో ఆయనకు ప్రక్కటెముకలు, మణికట్టు విరిగినవి. అయినను ఆయన 89 ఏండ్లు జీవించి 1999లో కన్నుమూసెను. నేడు మోటారు కార్లలో మనము బిగించుకొను బెల్టు వెనుక ఈయన పడిన పాట్లు కొన్ని కలవు.

నలువదియారు జీలను సహించిన మనుష్యుడు ఐదు జీలకు స్పృహ తప్పి పడిపోవుననిన నమ్మశక్యముగా నుండదు. ఇందలి రహస్యము రెండు మాటలలో నున్నది: కాలము, దిక్కు. స్టాప్ అనుభవించినది రెప్పపాటు కాలపు దెబ్బ. అదియును దేహమునకు ముందు వెనుకల దిశగా తగిలినది. మలుపు తిరుగు పైలట్ అనుభవించునది పది, పదునైదు సెకండ్లు ఎడతెగక సాగు అదుము. అది తలనుండి పాదములవైపునకు లాగును. దెబ్బ ఎముకలను పరీక్షించును. అదుము పరీక్షించునది రక్తమును.

మేడ ఇండ్లలో నివసించువారికి ఒక అనుభవము కలదు. ఊరి నీటి సరఫరాలో ఒత్తిడి తగ్గినప్పుడు మొట్టమొదట ఎండునది పై అంతస్తు కొళాయి. క్రింది కొళాయిలో నీరు ధారాళముగా వచ్చుచున్నను పైవారు ఖాళీ బిందెలతో మెట్లు దిగవలసినదే. మన దేహమను మేడలో పై అంతస్తున నివసించునది మెదడు. కూర్చున్న మనుష్యునిలో గుండెకును మెదడునకును నడుమ ఎత్తు సుమారొక అడుగు, అనగా 30 సెంటీమీటర్లు. ఈ అడుగు ఎత్తును ఎక్కుటకు రక్తము తన ఒత్తిడిలో కొంత ఖర్చు పెట్టవలెను. ఆరోగ్యవంతుని గుండె రక్తమును నెట్టునప్పుడు ఒత్తిడి సుమారు 120 మిల్లీమీటర్ల పాదరసము. ఇంట కూర్చున్నప్పుడు ఎక్కుడు ఖర్చు సుమారు 23; మెదడునకు చేరునప్పటికి 97 మిగులును. అది చాలును.

ఇక జీలు పెరుగనిండు. మూడు జీలలో ఖర్చు మూడు రెట్లు, 69, మిగులునది 51. నాలుగు జీలలో మిగులునది 28. ఐదు జీలలో ఐదు! గుండె తన పని తాను మానక చేయుచునే యుండును. కాని అది నెట్టు రక్తము నీరువలె గాక లోహమువలె బరువెక్కినది. ఏడున్నర జీల దగ్గర, ఒక గిన్నెడు రక్తము అంతే గిన్నెడు ఇనుమంత తూగును. ఇనుమును అడుగు ఎత్తునకు చిమ్ముట ఏ గుండెకు సాధ్యము? దీనికి తోడు, క్రిందికి దిగిన రక్తము కాళ్లలోను పొట్టలోను నిలిచిపోయి గుండెకు తిరిగి రాదు. పైకి పంపుటకే చాలని రక్తములో గుండెకు చేరునది కూడ తగ్గినచో గతి యేమి? ఈ లెక్క స్థూలమైనదే. మనిషికి మనిషికి భేదమున్నది. కాని ఏ సాధనమును తొడుగుకొనక, కండలు బిగింపక, ఊరక కూర్చున్న మనుష్యుడు సగటున నాలుగు, ఐదు జీలకు మించి తాళలేడని పరీక్షలును తేల్చినవి.

కన్ను మెదడుకంటె ముందుగా ఓడిపోవును. కంటిగ్రుడ్డు లోపల సహజముగనే పదునైదు, ఇరువది మిల్లీమీటర్ల ఒత్తిడి కలదు. వచ్చు రక్తము దానిని గెలిచిననే గాని లోనికి పోలేదు. కావున మెదడునకు ఇంకను కొంచెము రక్తము అందుచుండగనే కంటికి అందకపోవును. మొదట రంగులు వెలిసిపోవును. తరువాత ప్రక్కచూపు తరిగి, లోకమంతయు ఒక గొట్టములోనుండి చూచినట్లుండును. ఆ గొట్టము సన్నగిల్లి సన్నగిల్లి పూర్తిగా చీకటి క్రమ్మును. విచిత్రమేమనగా, ఆ చీకటిలో పైలట్ స్పృహతోనే యుండును. వినగలడు, ఆలోచింపగలడు, చేతిలోని నియంత్రణ దండమును సడలించినచో రెండు క్షణములలో వెలుగు తిరిగి వచ్చును.

ఈ చీకటిని కొలతలతో సహా నమోదు చేసినవారిలో మొదటివాడుగా అమెరికా వైమానికుడు జేమ్స్ డూలిటిల్‌ను చెప్పవచ్చును. 1924లో ఆయన ఫాకర్ విమానములో త్వరణమును వ్రాయు యంత్రము నమర్చుకొని, ఆకాశమున పల్టీలు, మలుపులు, నిటారు దూకుడులనుండి లేవదీయుటలు చేసి చూచెను. యంత్రము 7.8 జీల వరకు చూపినది. క్షణకాలపు బలము తన్నేమియు చేయలేదనియు, కొంత సేపు నిలిచిన బలమే చూపును హరించెననియు ఆయన గ్రహించెను. కాలమే ముఖ్యమను మన మొదటి మాటను ఆయన తన కన్నులతోనే, కాదు, కన్నులు పోగొట్టుకొనియే తెలిసికొనెననవలెను.

రెండవ ప్రపంచ యుద్ధము నాటికి ఇది ప్రాణ సమస్య యైనది. ఆకాశ యుద్ధమున శత్రువు వెనుకకు చేరవలెనన్న అతనికంటె బిగువైన మలుపు తిరుగవలెను. విమానము తిరుగగలదు, పైలట్ కన్నులు తిరుగనీయవు. కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున విల్బర్ ఫ్రాంక్స్ అను వైద్యుడు క్యాన్సరు పరిశోధన చేయుచుండెను. యంత్రములో గిరగిర త్రిప్పునప్పుడు ఆయన గాజు గొట్టములు పగిలిపోవుచుండెడివి. ఆ గొట్టమును ద్రవముతో నిండిన మరియొక పాత్రలో నుంచి త్రిప్పగా పగులలేదు. చుట్టునున్న ద్రవము కూడ అదే నిష్పత్తిలో బరువెక్కి గాజును అన్ని ప్రక్కల సమముగా ఆనుకొనుటయే కారణము. గాజునకు పనికివచ్చినది ప్రాణికేల పనికిరాదని ఆయన చుంచులను నీటిలో నుంచి త్రిప్పి చూచెను. నూరు జీలకు మించిన బలమునను అవి బ్రదికినవి! ఇక కావలసినది మనుష్యునకు నీటి తొడుగు. రబ్బరు పొరల నడుమ నీరు నింపిన దుస్తును కుట్టించి 1940లో ఆయనే తొడుగుకొని విమానమెక్కెను. 1942 నవంబరులో, ఉత్తర ఆఫ్రికా తీరమున, బ్రిటిషు నౌకాదళ వైమానికులు దానిని యుద్ధమున తొలిసారిగా వాడిరి. కాని నీటి దుస్తు బరువు, ఉక్కపోత, పిలుపు వచ్చువరకు దానిని తొడుగుకొని గంటల తరబడి కూర్చుండుట పైలట్లకు ప్రాణాంతకముగా తోచినది. నీటికి బదులు గాలిని వాడవచ్చునని ఆస్ట్రేలియాలో ఫ్రాంక్ కాటన్, అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎర్ల్ వుడ్ మొదలగువారు చూపిన మార్గమే తుదకు నిలిచినది.

నేటి జీ-సూట్ ఆ గాలి దుస్తు సంతతియే. పొట్టమీద ఒకటి, తొడలమీద రెండు, పిక్కలమీద రెండు గాలితిత్తులుండును. జీలు రెండు దాటగనే ఇంజనునుండి వచ్చు గాలి ఆ తిత్తులను ఉబ్బించి కాళ్లను, పొట్టను పిండివేయును. రక్తము క్రింద నిలువక పైకి మరలును. ఈ ఉపాయమును ప్రకృతి మనకంటె ముందే ఎరుగును. జిరాఫీ మెదడు గుండెకు సుమారు రెండు మీటర్ల ఎత్తున నున్నది. అందుచే దాని రక్తపు ఒత్తిడి మనకు రెట్టింపు. అంత ఒత్తిడికి కాళ్లు నీరుబట్టి వాయవలసినది. వాయకుండుటకు దాని కాళ్లపై చర్మము దళసరిగా, బిగువుగా, ఊడదీయరాని మేజోడువలె నమరియున్నది. పుట్టుకతో జీ-సూట్ తొడుగుకొన్న జంతువది.

అయితే ఈ దుస్తు ఇచ్చు లాభము మనము ఆశించినంత లేదు. ఒకటి, ఒకటిన్నర జీ మాత్రమే. ఊరక కూర్చున్నవానికి నాలుగున్నర, దుస్తుతో ఆరు. తొమ్మిదికి మిగిలిన మూడు ఎచ్చటినుండి రావలెను? పైలట్ కండలనుండి, ఊపిరినుండి రావలెను. ధాన్యపు బస్తాను వీపున కెత్తుకొను హమాలీని గమనింపుడు. అతడు నిండుగా గాలి పీల్చి, గొంతు బిగించి, కాళ్లు, పిరుదులు, పొట్ట బిగబట్టి ఒక్కమారుగా లేచును. పైలట్ చేయునది అదియే. కాని మూడేసి సెకండ్ల కొకమారు. గాలి పీల్చి, గొంతు మూసి, మూడు సెకండ్లు బిగబట్టి, రెప్పపాటులో వదలి, మరల పీల్చి, మరల బిగబట్టవలెను. ఎదలోని ఒత్తిడి పెరిగి గుండెకు తోడుపడును, రక్తము ఎక్కును. గాలి వదలుట ఒక్క సెకండు ఆలస్యమయినను ఆ సందున మెదడుకు రక్తము తెగిపోవును. ఆరు వందల కిలోల బరువు మీద నుండగా, తల త్రిప్పి వెనుకనున్న శత్రువును వెదకుచు, యంత్రములు చదువుచు, రేడియోలో మాటాడుచు చేయవలసిన కసరత్తిది. ఒక గంట సాధన ముగించుకొని దిగిన పైలట్ పొలమున దుక్కి దున్ని వచ్చినవానివలె తడిసి ముద్దయి యుండుటలో వింత లేదు.

విమానములు మారినకొలది ఆపద తన రూపు మార్చుకొన్నది. ఇది మన ప్రసంగమున ముఖ్యభాగము. పాత విమానములలో జీలు నెమ్మదిగా పెరుగునవి. చూపు మసకబారుట ఒక హెచ్చరిక. పైలట్ సర్దుకొనుటకు వ్యవధి యుండెడిది. మన మెడలోని పెద్ద నాళములు ఒత్తిడి తగ్గుటను కనిపెట్టి గుండెను తొందరపెట్టును, నాళములను ముడుచును. కాని ఈ సర్దుబాటు పట్టు పట్టుటకు ఆరు మొదలు పది సెకండ్లు కావలెను. 1974లో మొదటిసారి యెగిరిన అమెరికా ఎఫ్-16 వంటి విమానము రెండు సెకండ్ల లోపల తొమ్మిది జీలకు చేరగలదు. దేహపు సర్దుబాటు బయలుదేరకమునుపే పని ముగియును. మరి మెదడు ఆ క్షణముననే స్పృహ తప్పునా? తప్పదు. రక్తము ఆగినను తనలో నిలువయున్న ప్రాణవాయువుతో మెదడు సుమారు ఐదు సెకండ్లు పని చేయును. అది చేబదులు వంటిది. కంటికిని అంతే చేబదులున్నది. కావున ఆ ఐదు సెకండ్లు పైలట్‌కు అంతయు సవ్యముగనే కనిపించును. పిమ్మట, మసక లేదు, గొట్టము లేదు, చీకటి లేదు. తటాలున దీపమార్పినట్లు స్పృహయే పోవును. పాతకాలపు హెచ్చరిక మాయమైనది.

స్పృహ తప్పినవాని చేయి దండమునుండి జారును, విమానపు మలుపు సడలును, జీలు దిగిపోవును, మెదడుకు రక్తము వచ్చును. అయినను వెంటనే మేలుకొనడు. సగటున పండ్రెండు సెకండ్లు పూర్తిగా స్పృహ లేకుండును. కాళ్లు చేతులు కొట్టుకొనవచ్చును. చిన్న కలయు రావచ్చును. కన్ను తెరచిన తరువాతను మరియొక పండ్రెండు సెకండ్లు తానెవరో, ఎచ్చటనున్నాడో తెలియని అయోమయము. మొత్తము ఇరువదినాలుగు సెకండ్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగమున పోవు విమానము ఈ కాలములో ఆరు కిలోమీటర్లు పోవును. ముక్కు నేలవైపున్నచో ఆ ఆరు కిలోమీటర్లలో నేల రావచ్చును.

దీనికంటె వింత మరియొకటి. పరీక్షా యంత్రములో స్పృహ తప్పినవారిలో ఇంచుమించు సగముమంది తమకు స్పృహ తప్పినదని ఎరుగరు! "నాకేమియు కాలేదు, నేను మెలకువగనే యుంటిని" అని వాదించి, తమ తల వాలి, నోరు తెరచియున్న చలనచిత్రము చూచిన పిమ్మటగాని ఒప్పుకొనరు. సభలో కునికిపాట్లు పడి, "కన్నులు మూసికొని వినుచుంటిని" అను పెద్దలను మనమెరుగుదుము. కాని ఇది నవ్వులాట కాదు. ఆకాశమున ఒకమారు ఇట్లయి దైవవశమున బయటపడిన పైలట్ ఆ సంగతి ఎవరికిని చెప్పడు. ఏలనన అతనికే తెలియదు. ఎన్ని ప్రమాదములకు ఇదియే మూలమో లెక్క తేల్చుట యందుకే కష్టము.

కావుననే ఈ అనుభవమును నేలమీదనే నేర్పుదురు. పొడవైన చేయి చివర ఒక గది, అందులో పైలట్, ఆ చేయి గిరగిర తిరుగును. మన చెంబు ఆటకు ఇనుముతో చేసిన పెద్దన్న యన్నమాట. దీనిని సెంట్రిఫ్యూజ్ అందురు. మన దేశమున బెంగుళూరులో 1957లో వైమానిక వైద్య విద్యాలయముగా స్థాపింపబడి, తరువాత ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థగా పేరుగాంచిన చోట ఇట్టి యంత్రము కలదు. 1984లో అంతరిక్షమునకు వెళ్లిన రాకేశ్ శర్మ ఎంపికకు వైద్య పరీక్షలు జరిగినదియు అచ్చటనే. తమ చూపు ఏ జీ వద్ద తరుగును, ఊపిరి ఎచ్చట తప్పును అనునది పైలట్లు అందు తెలిసికొందురు. హైదరాబాదు చెంత దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీనుండి 2016 జూన్‌లో ముగ్గురు యువతులు యుద్ధ విమాన శాఖకు చేరి, ఆ శాఖలో మన దేశపు తొలి మహిళలైరి. ఆడవారి దేహము దీనికి తాళునా అని కొందరడుగుచుందురు. సెంట్రిఫ్యూజ్ పరీక్షలలో స్త్రీ పురుషులకు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కాని పొడుగరికంటె పొట్టివారికి కొంత మేలు. గుండెకును కంటికిని దూరము తక్కువ గదా! సినిమాలలో ఆజానుబాహువులైన వైమానికులను చూచి మురియువారికి ఇది రుచింపకపోవచ్చును.

తాళుకొను శక్తి ఒకే మనిషిలో ఒకే తీరుగ నుండదు. రాత్రి నిద్ర లేకున్నను, కడుపు ఖాళీగా నున్నను, ఎండలో చెమటోడ్చి నీరు త్రాగకున్నను అది తగ్గును. మన దేశపు వేసవిలో, ఎండకు కాగిన విమానములో, నిండు దుస్తులతో కూర్చుండువానికి ఈ చివరి మాట ముఖ్యము. ఇక విమానము గుట్ట దాటినట్లు ముక్కు దించినప్పుడు బలము తారుమారై రక్తము తలకెక్కును. దీనిని దేహము బొత్తిగా సహింపదు. రెండు, మూడు జీలకే మొగము ఉబ్బి, తల పగులునట్లయి, కన్నుల ముందు ఎఱ్ఱని తెర క్రమ్మును. అంతకంటె మోసకరమైనది ఆ వెంటనే విమానమును లేవదీయుట. తలకు రక్తమెక్కినదని గుండె అప్పుడే నెమ్మదించి, నాళములు సడలియుండును. ఆ ఏమరుపాటున జీలు మీదపడినచో తక్కువ బలమునకే పైలట్ కూలును.

దిక్కును మార్చినచో బాధ తగ్గునని ఆరంభమున సూచించితిమి. వ్యోమగాములు వెల్లకిల పరుండి ప్రయాణించుట యందుకే. రక్తము వీపువైపు నొరగునేగాని మెదడును విడిచిపోదు. 1975 ఏప్రిల్‌లో సోయజ్ రాకెట్టు నడుమ దారిలో చెడిపోగా లాజరెవ్, మకరోవ్ అను ఇరువురు రష్యనులు ఇరువది జీలకు పైగా అనుభవించి ప్రాణములతో నేల చేరిరి. యుద్ధ విమానమున పరుండుట కుదరదు. నలుదిక్కుల చూడవలెను గదా. అయినను ఎఫ్-16లో ఆసనమును 30 డిగ్రీలు వెనుకకు వాల్చిరి. నియంత్రణ దండమును కాళ్ల నడుమనుండి తీసి కుడిప్రక్కన ముంజేయి ఆనించు చోట నుంచిరి. బరువెక్కిన చేతిని ఎత్తుకొను పని తప్పినది. కాని వాల్చిన ఆసనమున తల ముందుకు వంచి చూడవలసి వచ్చి మెడనొప్పి హెచ్చెనను మాటయు కలదు. ఒకచోట పొదుపు చేసినది మరియొకచోట చెల్లింపవలసి వచ్చినది. మెడ, నడుము నొప్పులు ఈ వృత్తివారికి చుట్టములవంటివి. పెద్ద మలుపుల తరువాత చేతులమీద, పిరుదులమీద సన్నని నాళములు చిట్లి చెమటకాయలవంటి ఎఱ్ఱని చుక్కలు తేలును. కొలది దినములలో అవే మానిపోవును.

మనిషిని ఇంతకంటె దిట్టపరచుట కష్టమని తోచినప్పుడు ఇంజనీరులు విమానమునే కాపలా పెట్టిరి. 2014 మొదలు అమెరికా ఎఫ్-16 విమానములలో ఒక యంత్రము నమర్చిరి. అది నేల ఎత్తుపల్లముల పటమును తనలో నుంచుకొని, విమానము పోవుదారిని దానితో పోల్చి చూచుచుండును. 2016లో ఆరిజోనా రాష్ట్రముపై ఒక విద్యార్థి పైలట్ సాధనలో సుమారు 17 వేల అడుగుల ఎత్తున మలుపు తిరుగుచు ఎనిమిది జీలు దాటి స్పృహ తప్పెను. విమానము ముక్కు దించి, ధ్వనివేగమును మించి నేలకు దూకసాగినది. వేరొక విమానములోని శిక్షకుడు రేడియోలో లేవదీయుమని మరల మరల కేకవేసెను. బదులు లేదు. 8 వేల అడుగుల పైచిలుకు ఎత్తున ఆ యంత్రము తానై పగ్గములు చేతబట్టి, రెక్కలను చదును చేసి, ముక్కు పైకెత్తినది. అంతలో విద్యార్థికి తెలివి వచ్చి తానును దండమును లాగెను. విమానము పైకి మరలునప్పటికి ఎత్తు 4 వేల అడుగుల పైచిలుకు.

ఆ యంత్రమునకు పైలట్ స్పృహ తప్పినదని తెలియదు. అతని నాడిని అది చూడదు, ఊపిరిని వినదు. మెలకువగా నున్న పైలట్ పనికి అడ్డు రాకూడదని, ఇక ఒక్క క్షణము జాగు చేసినచో నేల తప్పదన్నంతవరకు ఊరకుండి, అప్పుడు మాత్రమే కదలునట్లు దానిని అమర్చిరి.